యాజకుడు అంటే ఎవరు? చేతులు నింపబడిన ప్రజల గురించి



మన ఇళ్లల్లో గోడ మీద వేలాడే వాక్యాల్లో 1 పేతురు 2:9 ఒకటి. క్యాలెండర్ మీద ఉంటుంది, గృహప్రవేశపు కార్డు మీద ఉంటుంది, యవ్వనస్థుల కూడికల బ్యానర్ మీద ఉంటుంది. విశ్వాసులందరూ రాజులైన యాజకసమూహమని ఆ వాక్యం చెబుతుంది. అయితే ఆ వాక్యం కిందనే కూర్చుని, "అయ్యగారూ, మా ప్రార్థన దేవుడు వింటాడో లేదో, మీరొచ్చి చేస్తేనే జరుగుతుంది" అంటారు. ఇంటింటి ప్రార్థనలకు వెళ్లినప్పుడు ఈ మాట మాకు తరచుగా వినబడుతుంది. గోడ మీద ఒకటి, నోట మరొకటి. ఈ రెంటికీ మధ్య ఉన్న దూరం చిన్నది కాదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. ఈ మధ్య సభల పోస్టర్ల మీద కొందరు ప్రసంగీకుల పేర్లకు ముందు "యాజకులు", "అభిషిక్తులు" అనే బిరుదులు కనబడుతున్నాయి. "నేను మీ యాజకుణ్ణి, నా చేతి గుండానే మీ దీవెన రావాలి, నా మాట కాదంటే కోరహు గతి పడుతుంది" అని చెప్పేవాళ్లూ బయలుదేరారు. ఎవరి పేరూ మేము చెప్పము, చెప్పవలసిన అవసరమూ లేదు. మనుషుల సంగతి పక్కన పెట్టి, యాజకుడు అనే మాట తెలుగులోకి ఎలా వచ్చింది, దాన్ని ఎలా చదవాలి అన్నదే ఈ రోజు ఆలోచిద్దాం.

తెలుగులో ఆ మాట

తెలుగులోకి బైబిలును తేవాలనే ప్రయత్నం చాలా పాతది. జర్మనీ నుండి వచ్చిన మిషనరీ బెంజమిన్ షుల్ట్జ్ 1732 నాటికే బైబిలును తెలుగు చేశాడు గానీ అది అచ్చుకు నోచుకోలేదు. విశాఖపట్నంలో పనిచేసిన డెస్ గ్రాంజెస్ తర్జుమా చేసిన మూడు సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తరువాత ఎన్నో చేతులు దిద్దగా దిద్దగా ఈ రోజు మనం చదివే గ్రంథం మన ఒడిలోకి వచ్చింది.

అలా తర్జుమా చేసినవాళ్ల ముందు ఒక చిక్కు ఉంది. అహరోను ఇంటివారిని హెబ్రీ భాషలో కోహెన్ అంటారు, గ్రీకులో హియెరెయుస్ అంటారు. దానికి తెలుగులో ఏ మాట పెట్టాలి? మాటలకు కొదువ లేదు. పూజారి ఉంది, అర్చకుడు ఉంది, పురోహితుడు ఉంది. అవన్నీ ఊళ్లో బ్రతికి ఉన్న మాటలే. పూజారి అంటే గుడి కనబడుతుంది, పురోహితుడు అంటే పెళ్లిపీటలు కనబడతాయి. వాళ్లు ఎంచుకున్నది యాజకుడు. సంస్కృతంలో "యజ్" అనే ధాతువు నుండి వచ్చిన మాట అది. యజ్ఞము, యాగము, యజమానుడు అన్నీ అక్కడివే. యాగం చేసేవాడు, బలి అర్పించేవాడు అని అర్థం.

మీ బైబిలు తీసి అపొస్తలుల కార్యములు 14:13 చూడండి. లుస్త్రలో పౌలు బర్నబాలను దేవతలనుకుని, ఎడ్లనూ పూదండలనూ తెచ్చినవాడు ఒకడున్నాడు. అతణ్ణి మన తెలుగు బైబిలు పూజారి అంటుంది. గ్రీకులో చూస్తే యెరూషలేము దేవాలయంలో ధూపం వేసిన జెకర్యాకు ఏ మాటో, ఈ లుస్త్ర మనిషికీ అదే మాట. తెలుగు చేసినవాళ్లు కావాలనే రెండుగా విడదీశారు. విగ్రహం ముందు నిలబడినవాడు ఒకడు, యెహోవా సన్నిధిని నిలబడినవాడు మరొకడు అని చదివేవాడికి తెలియాలని వారి ఉద్దేశం కావచ్చు.

దీనివల్ల ఒక మేలు జరిగింది, ఒక నష్టమూ జరిగింది. మేలు ఏమిటంటే గందరగోళం తప్పింది. నష్టం ఏమిటంటే యాజకుడు అనే మాట మన బజారులో ఎక్కడా దొరకదు. యాజకుణ్ణి మనం ఎన్నడూ చూడలేదు. గొర్రెల కాపరిని చూశాం, విత్తేవాణ్ణి చూశాం, వల వేసేవాణ్ణి చూశాం. యాజకుడు మాత్రం పుస్తకంలోనే ఉన్నాడు. మాట ఖాళీ కుండలా ఉండిపోయింది. ఖాళీ కుండలో ఎవరికి ఇష్టమైనది వాళ్లు పోసుకుంటారు. అందుకే ఈ రోజు కొందరు అందులో తమ సొంత పేరు పోసుకుంటున్నారు.

పెద్ద వేరు, యాజకుడు వేరు

ఇంగ్లీషు చదివిన మన పిల్లలు అడుగుతుంటారు, "ప్రీస్ట్ అంటే చర్చిలో ఉండే అయ్యగారే కదా?" అని. ఆ ఇంగ్లీషు మాటకు ఒక చరిత్ర ఉంది. అది గ్రీకులోని ప్రెస్బుతెరోస్ అనే మాట నుండి, లాటిను మీదుగా వచ్చింది. ప్రెస్బుతెరోస్ అంటే పెద్ద, వయసులోనూ అనుభవంలోనూ పెద్ద. అయితే ఇంగ్లీషువాళ్లు అదే మాటను అహరోను ఇంటివారికి కూడా వాడారు. ఆ భాషలో రెండు వేర్వేరు పనులు ఒకే పేరు కిందకు వచ్చేశాయి.

మన తెలుగులో ఈ చిక్కు లేదు. సంఘాన్ని నడిపించేవారిని మన బైబిలు పెద్దలు అంటుంది, కాపరులు అంటుంది, అధ్యక్షులు అంటుంది. ఎఫెసీయులకు 4:11లో ప్రభువు సంఘానికి ఇచ్చినవారి వరుస ఉంది. అపొస్తలులు ఉన్నారు, ప్రవక్తలు ఉన్నారు, సువార్తికులు ఉన్నారు, కాపరులూ ఉపదేశకులూ ఉన్నారు. యాజకులు అనే మాట ఆ వరుసలో లేదు. క్రొత్త నిబంధన అంతా వెదకినా సంఘ సేవకుడైన ఒక్క మనిషికి యాజకుడు అనే బిరుదు ఇచ్చిన చోటు దొరకదు. పేతురు తనను తాను తోటి పెద్దనని చెప్పుకున్నాడు (1 పేతురు 5:1). యాజకుడనని అనలేదు.

మరి ఆ మాట ఎవరికి వాడబడింది? ఆ రోజుల్లో దేవాలయంలో నిజంగా సేవ చేసిన జెకర్యాలాంటి వారికి వాడబడింది. హెబ్రీయులకు వ్రాసిన పత్రికలో మన ప్రభువుకు వాడబడింది. ఆ తరువాత విశ్వాసులందరికీ వాడబడింది. విశ్వాసుల విషయంలో ఎప్పుడూ బహువచనమే. ప్రకటన 1:6 చూడండి, 5:10 చూడండి, 20:6 చూడండి. ప్రతిచోటా యాజకులు అని ఉంది గానీ ఒక్కణ్ణి వేరుగా నిలబెట్టి యాజకుడు అనలేదు. పేతురు వాడిన గ్రీకు మాటే ఒక గుంపుకు పేరు. మన తర్జుమాదారులు దానికి "సమూహము" అని చేర్చడం చాలా మంచి పని. ఆ ఒక్క మాట వల్ల రెండు తప్పులు ఆగిపోతాయి. "నేనొక్కణ్ణే మీకు యాజకుణ్ణి" అనడానికి వీలు లేదు. "నేనే యాజకుణ్ణి, నాకు సంఘం ఎందుకు, ఇంట్లో ఫోను చూసుకుంటే చాలు" అనడానికీ వీలు లేదు.

ఉపమానమంటే అబద్ధం కాదు

"అయితే అయ్యగారూ, ఇది ఉత్త పోలికేనా? మనం నిజంగా యాజకులం కామా?" అని కొందరు అడగవచ్చు. ఈ ప్రశ్న మంచిది.

మన ప్రభువు సంగతి చూడండి. ఆయన యూదా గోత్రంలో పుట్టాడు. ఆ గోత్రం వారికి బలిపీఠం దగ్గర పని లేదని హెబ్రీ పత్రికే చెబుతుంది (7:13, 14). ఆయన భూమి మీద ఉంటే యాజకుడై ఉండడని కూడా అదే పత్రిక చెబుతుంది (8:4). యెరూషలేములో ఆయన ధూపం వేయలేదు, గొర్రెను వధించలేదు. అయినా ఆయనే మన ప్రధానయాజకుడు. ఎలాగంటే, అహరోను చేసినది నీడ, ప్రభువు చేసినది నిజం. చెట్టు నీడ చెట్టు ఆకారంలోనే ఉంటుంది గానీ నీడకు కాయలు కాయవు. వాక్యం నీడ పేరును తీసుకుని నిజానికి పెట్టింది. క్రీ.శ. 70లో రోమా సైన్యం దేవాలయాన్ని పడగొట్టింది. నీడను ఇచ్చిన ఆ కట్టడం పోయింది, నిజం నిలిచి ఉంది.

మన సంగతీ అంతే. పౌలు రోమీయులకు 15:16లో తన సువార్త పనిని యాజకుడి పనితో పోల్చాడు. అతని చేతిలో గొర్రె లేదు. అన్యజనులే అతను దేవునికి తెచ్చిన అర్పణ. రోమా 12:1లో మన శరీరాలనే సజీవ యాగంగా ఇమ్మన్నాడు. ఫిలిప్పీయులు పంపిన సహాయం ఎపఫ్రొదితు తెచ్చి ఇస్తే, దాన్ని సువాసనగల బలి అన్నాడు (4:18). హెబ్రీ 13:15, 16లో స్తుతి ఒక బలి, ఉపకారం ఒక బలి, ఉన్నదాన్ని పంచుకోవడం ఒక బలి. ఈ లెక్కన పొరుగింటి ముసలమ్మకు గిన్నెలో కూర తీసుకెళ్లే చెల్లెమ్మ చేసేది యాజకత్వపు పని. దీన్ని ఉత్త పోలిక అని తేలిక చేయడానికి లేదు.

దగ్గరి మాటా, దూరపు మాటా

ఇలాంటి మాటల్ని తర్జుమా చేయడం ఎంత కష్టమో ఒక్క ఉదాహరణ చాలు. ఫిలిప్పీ 2:17లో పౌలు తాను పానార్పణముగా పోయబడినా సంతోషిస్తానంటాడు. పానార్పణము అనగానే మనలో చాలామందికి ఏమీ కనబడదు. బలితోపాటు ద్రాక్షారసాన్ని కుమ్మరించేవారు. పోసినది మళ్లీ ఎత్తుకోవడానికి ఉండదు. పౌలు తన ప్రాణం గురించి చెప్పినది అదే.

మన పల్లెల్లో దీనికి దగ్గరగా ఉండే మాట ఒకటుంది, సాక. గ్రామదేవత దగ్గర సాక పోయడం చూడనివాళ్లు మన ఊళ్లల్లో తక్కువ. సాక అంటే పాపకు కూడా బొమ్మ కళ్లముందు కడుతుంది. కానీ ఆ మాట పెడితే ఆ దేవత, ఆ కొలుపు కూడా వెంట వస్తాయి. అందుకే తర్జుమాదారులు బొమ్మ కట్టే మాట వదిలి, బొమ్మ కట్టని మాట పెట్టుకున్నారు. వారిని మేము తప్పుపట్టము. అయితే ఆ మాటలో బొమ్మ కట్టించవలసిన పని కాపరిది, ఉపదేశకుడిది. పుస్తకం చేయలేని పని ప్రసంగం చేయాలి.

కొందరు మంచి మనసుతోనే ఒక సలహా ఇస్తుంటారు. "యాజకులు, బలులు, ధూపం, ఇవన్నీ ఈ తరానికి ఎందుకు? దేవుని సేవించే ప్రజలు అని తేలిగ్గా రాసేస్తే పోలా?" అని. మా అభిప్రాయం అది కాదు. తేలిక చేస్తే మాట అర్థమవుతుంది గానీ మాటలో ఉన్న సంపద పోతుంది. నిర్గమకాండము 28లో అహరోను భుజాల మీద రెండు రాళ్లు, వాటి మీద ఇశ్రాయేలు కుమారుల పేర్లు. గుండె మీద పన్నెండు రాళ్లు, వాటి మీదా ఆ పేర్లే. ప్రజల భారం భుజాన, ప్రజల పేర్లు గుండెన మోసుకుంటూ అతను లోపలికి వెళ్లాలి. "సేవించే ప్రజలు" అని రాసేస్తే ఈ భుజాలు ఎక్కడికి పోతాయి? ఈ గుండె ఎక్కడికి పోతుంది? యాజకులు అనే మాట ఉంచినప్పుడే, ప్రార్థనలో ఎవరి పేరు మోస్తున్నామని మనల్ని మనం అడుగుకోగలం.

చేతిని నింపడం

ఇప్పుడు మాకు చాలా ఇష్టమైన సంగతి. యాజకుణ్ణి ప్రతిష్ఠించడం అని మన బైబిలులో చదువుతాం. అక్కడ హెబ్రీలో చాలాచోట్ల ఉన్నది "చేతిని నింపడం" అనే నుడికారం. నిర్గమకాండము 28:41లో, 29:9లో ఆ నుడికారమే. లేవీయకాండము 8లో అది కళ్లముందే జరుగుతుంది. మోషే కొవ్వునూ, కుడి జబ్బనూ, రొట్టెలనూ తీసుకుని అహరోను అరచేతుల్లోనూ అతని కుమారుల అరచేతుల్లోనూ పెడతాడు. ఆ చేతులు నిండుతాయి. ఆ నిండిన చేతులతోనే వారు దేవుని ఎదుట నిలబడతారు.

గమనించండి, యాజకుడు తన ఇంటి నుండి తెచ్చుకున్న గొప్పతనంతో నిలబడలేదు. ఖాళీ చేతులు చాచాడు, దేవుడు ఏర్పరచినది ఆ చేతుల్లో పెట్టబడింది. మన తెలుగులో "చేతినిండా పని" అంటాం. పెద్దల దగ్గరికి, పసిబిడ్డను చూడటానికి, రోగిని పలకరించడానికి ఒట్టి చేతులతో వెళ్లకూడదంటాం. ఈ నుడికారం మనకు పరాయిది కాదు.

1 దినవృత్తాంతములు 29:5కు రండి. దేవాలయం కట్టడానికి ఇష్టపూర్వకంగా ఇచ్చేవారు ఎవరని దావీదు ప్రజలను అడుగుతాడు. అక్కడ కూడా హెబ్రీలో ఉన్నది చేతిని నింపుకోవడమే. లేవీ గోత్రం కానివారిని, పొలం దున్నేవారిని, మందలు కాసేవారిని ఉద్దేశించి యాజకుల మాట వాడాడు దావీదు. వంట చేసిన ప్రతిసారీ దేవుని పేరిట ఒక పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టే మన అమ్మలు ఈ వచనం వినాలి. అమ్మా, ఆ పిడికిలి యాజకుడి పిడికిలి.

బయట ఉన్నవాడి చెవి మీద

అదే లేవీయకాండము 8లో మోషే పొట్టేలు రక్తాన్ని అహరోను కుడి చెవి కొన మీద, కుడిచేతి బొటనవ్రేలి మీద, కుడికాలి బొటనవ్రేలి మీద పూస్తాడు. వినే చెవి, పనిచేసే చెయ్యి, నడిచే కాలు. ఇది ప్రధానయాజకుడికి జరిగినది.

ఇప్పుడు 14వ అధ్యాయం తీయండి. కుష్ఠు నుండి బాగుపడి శుద్ధుడైనవాడు, పాళెము బయట ఒంటరిగా బ్రతికినవాడు, ఎవరూ దగ్గరికి రానివ్వనివాడు తిరిగి వస్తున్నాడు. అతని కుడి చెవి కొన మీద, కుడిచేతి బొటనవ్రేలి మీద, కుడికాలి బొటనవ్రేలి మీద రక్తం పూయమని ధర్మశాస్త్రం చెబుతుంది. అవే మూడు చోట్లు. ప్రధానయాజకుడికి ఏ గుర్తులో, బయటకు నెట్టబడినవాడికీ అవే గుర్తులు.

ఇది మన పెద్దల కథ కాదా ప్రియులారా? మన తాతముత్తాతల్లో చాలామంది ఊరికి బయట, పేటల్లో, గూడేల్లో బ్రతికారు. గుడి మెట్టు ఎక్కనివ్వలేదు, ఊరి బావిలో చేద వేయనివ్వలేదు. అలాంటివారి చెవిన యాజకసమూహము అనే మాట పడింది. ఒంగోలు ప్రాంతంలో సువార్తను ఊరూరా మోసినవారిలో తోళ్ల వ్యాపారం చేసిన ఎర్రగుంట్ల పేరయ్య ఒకరు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చినవారు తెలుగు బోధకులే. అంటరానివని లోకం పేరు పెట్టిన చేతులను దేవుడు నింపాడు. అలాంటి ప్రజల మధ్యకు వచ్చి, ఇప్పుడు ఒకడు "నేను మాత్రమే యాజకుణ్ణి, మీరు గడప అవతల నిలబడండి" అంటే, క్రీస్తు చింపించిన తెరను మళ్లీ సూదీ దారం పెట్టి కుట్టడమే అవుతుంది.

కోరహు సంగతి

కోరహు పేరు చెప్పి బెదిరించేవారికి ఒక మాట. సంఖ్యాకాండము 16లో కోరహు చేసిన పాపం ఏమిటి? దేవుడు ఒకరికి ఇచ్చిన యాజకత్వపు పీఠాన్ని తనకు కావాలని ఆశించాడు. ఆ పీఠం మీద ఈ రోజు ఎవరున్నారు? మన ప్రభువైన క్రీస్తు. అయితే ఈ రోజు కోరహులా నడుస్తున్నది ఎవరు? "నేనూ ప్రార్థిస్తాను" అనే పేద విశ్వాసా, క్రీస్తు పీఠం పక్కన తన కుర్చీ వేసుకునే బోధకుడా? మీరే ఆలోచించండి.

కాపరిని గౌరవించవద్దని మేము అనడం లేదు. వాక్యం చెప్పేవారిని ఘనపరచాలి, వారి జీవనాన్ని చూసుకోవాలి. 1 తిమోతి 5:17, 18 అదే చెబుతుంది. అయితే ఆ గౌరవం పెద్దకూ కాపరికీ ఇవ్వవలసినది. మధ్యవర్తికి ఇవ్వవలసినది వేరు, ఆ మధ్యవర్తి ఒక్కడే (1 తిమోతి 2:5).

ఈ వారం నుండి

అర్ధరాత్రి బిడ్డకు జ్వరం వస్తే మాకు ఫోను చేయండి, తప్పకుండా వస్తాము. అయితే మేము వచ్చేదాకా ప్రార్థన ఆపవద్దు. ఆ బిడ్డ తల మీద తల్లి చెయ్యి వేసి, క్రీస్తు పేరిట అడిగితే, ఆ చెయ్యి ఖాళీ చెయ్యి కాదు. ఆసుపత్రికీ తీసుకెళ్లండి, ప్రార్థనా చేయండి.

ఇంట్లో సాయంకాల ప్రార్థన మొదలుపెట్టండి. రోజూ ఒక్కరే కాకుండా, అక్క ఒకరోజు, తమ్ముడు ఒకరోజు, నాయనమ్మ ఒకరోజు నడిపించండి. అహరోను రాళ్లలాగా ఐదుగురి పేర్లు ఒక కాగితం మీద రాసుకుని, వారికోసం అడగండి. అందులో మనకు పడనివారి పేరు కూడా ఒకటి ఉండనివ్వండి. ఉన్నదాంట్లో కొంత లేనివారికి పెట్టండి. దూరదేశంలో ఒంటరిగా గదిలో ఉన్న మన పిల్లలారా, అక్కడ మీ పక్కవాడికి దేవుని సన్నిధిని తెచ్చే యాజకులు మీరే.

ఆదివారం మాత్రం అందరం కలిసి రండి. ఒక్కో రాయిగా కాదు, సమూహముగా. మన చేతులను నింపినవాడు నమ్మదగినవాడు. మన పేర్లను గుండె మీద మోస్తూ తండ్రి ఎదుట ఇప్పుడూ విజ్ఞాపన చేస్తున్న మన ప్రధానయాజకుడు మిమ్మును, మీ ఇంటివారిని దీవించును గాక. ఆమేన్.